నేలని నమ్మి బిగించిన యాక్సిల్

ఇంట్లో కట్టుకున్న స్పోర్ట్స్ కారుకి, స్క్రాపులో దొరికిన ఇండిపెండెంట్ యాక్సిల్ బిగించిన మెకానిక్ ఉభయ గోదావరి జిల్లాల్లో నేను కాక మరొకడుంటే నా దగ్గరికి రమ్మనండి. కుర్చీ వేస్తాను, కాఫీ ఇస్తాను, తర్వాత కొలతలు అడుగుతాను. కొలతలు చెప్పలేకపోతే మర్యాద కాఫీతో సరి. గొప్పలు చెప్పుకుంటున్నాడని మీరు అనుకుంటే అనుకోండి. రాజమండ్రిలో ఒక లారీ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయిన మనిషిని. వీర్రాజు అన్న నా పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తు, మిగతా అందరికీ ఫోర్‌మన్ గారినే. ఆ పిలుపు ఊరికే రాలేదు.

కొత్తగా షెడ్లలో చేరుతున్నవాళ్ళు కొందరు ఫోన్ చేసి, "మాస్టారూ, మా పనికొచ్చేది ఏమైనా రాసిపెట్టండి" అని అడుగుతున్నారు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఎవరు శాలువా కప్పారో మీకు అనవసరం. మీకు పనికొచ్చేవి నేను చేసిన రెండు తప్పులు. ఒకటి మీసాలు వస్తున్న రోజుల్లో చేశాను. రెండోది తల నెరిసి, రిటైరై, అన్నీ నాకే వచ్చనుకున్నాక చేశాను. రెండోదే పెద్దది. నాకు అన్నిటికంటే గర్వంగా ఉండేది కూడా ఆ పని గురించే.

సూర్యారావు గారి నియమం

మా వర్క్‌షాపు యజమాని సూర్యారావు గారు తెల్ల పంచె కట్టుకుని గ్రీజు మధ్యలో తిరిగేవారు. పంచెకి ఒక్క మరక అంటేది కాదు. ఎవరినీ తిట్టేవారు కాదు, తిట్టకపోవడమే మాకు భయం. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. బ్రేకులు గానీ యాక్సిల్ గానీ విప్పి బిగించిన బండి ట్రయల్‌కి వెళ్తుంటే, ఆ పని చేసినవాడు డ్రైవరు పక్కన కూర్చుని తీరాలి. జ్వరమన్నా, పెళ్ళన్నా ఒప్పుకునేవారు కాదు. "నువ్వు ఎక్కకపోతే బండి గేటు దాటదు" అనేవారు.

ఆ ఒక్క మాటతో మా షెడ్డులో ప్రతివాడికీ నట్లు రెండోసారి పట్టి చూసుకునే అలవాటు వచ్చింది. ఇప్పుడు కంప్యూటరు తగిలించి, ఏ లైటు వెలిగిందో చూసి, ఆ పార్టు పీకేసి కొత్తది పెడుతున్నారు. అది తప్పని నేననను. పెట్టినవాడు బండెక్కి ఒక చుట్టు తిరిగి వస్తున్నాడా అన్నదే నా ప్రశ్న. నాకైతే అలాంటివాళ్ళు ఎక్కువమంది కనబడటం లేదు.

అయితే ఆ నియమంలో కూడా ఒక చిల్లు ఉందని నా వల్లే తెలిసింది.

అప్పన్న కాలు

అప్పన్న ఇసుక లారీ డ్రైవరు. ఒకసారి వెనక యాక్సిల్ షాఫ్టు విరిగి అతని బండి మా షెడ్డుకి వచ్చింది. కొత్త షాఫ్టు రావాలంటే వారం పడుతుంది, లారీ ఓనరు గేటు దగ్గరే నిలబడి తొందరపెడుతున్నాడు. రెండు ముక్కలూ కలిపి వెల్డింగు చేయించేద్దామని నేనే అన్నాను. వెల్డరు కాసులు నా ఈడువాడు, చెయ్యి చాలా మంచిది. "షాఫ్టు అతకడం వద్దు గురూ" అన్నాడు. "నీ చెయ్యి మీద నాకు నమ్మకం ఉందిలేరా" అన్నాను. పొగిడితే ఎవడైనా మెత్తబడతాడు, వాడూ మెత్తబడ్డాడు. నియమం ప్రకారం ట్రయల్‌కి నేనే ఎక్కాను. ఖాళీ బండి, చదునైన రోడ్డు, షికారు వెళ్ళొచ్చినట్టు ఉంది.

మూడో రోజు నిండా తడి ఇసుకతో ఏటిగట్టు ఎక్కుతుంటే, ఆ షాఫ్టు సరిగ్గా అతికిన చోటే తెగింది. బండి వెనక్కి జారింది. అప్పన్న దూకాడు, కాలు విరిగింది.

సూర్యారావు గారు నన్ను ఒక్క మాట అనలేదు. స్కూటరు ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళి, అప్పన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, "ఏం జరిగిందో నువ్వే చెప్పు" అని బయటికి వెళ్ళిపోయారు. చెప్పాను. అప్పన్న అంతా విన్నాడు.

"అతికించావని ఆరోజే చెప్తే సగం లోడే ఎత్తుకునేవాణ్ణి కదయ్యా" అన్నాడు.

కోపంగా అని ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. మామూలుగా అన్నాడు. తర్వాత కాలు బాగై మళ్ళీ లారీ నడిపాడు, కొంచెం కుంటేవాడు. నేను రెండు సంగతులు నేర్చుకున్నాను. తిరిగే షాఫ్టుని ఎప్పుడూ అతకకూడదు. చేసిన పనిలో లోపం ఉందని తెలిస్తే, ఆ బండిలో కూర్చునే మనిషికి అది ముందు తెలియాలి. మొదటిది పాటించడం తేలిక. రెండోదానికి గుండె కావాలి.

జానకి గారి ఎర్ర కారు

జానకి గారు కాకినాడలో పాలిటెక్నిక్ లెక్చరరు. ఒకసారి విద్యార్థుల్ని తీసుకుని మా వర్క్‌షాపు చూడటానికి వచ్చారు. వాళ్ళు ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంటే ఆవిడ లారీ కిందికి వంగి చూస్తూ నన్ను గంటసేపు ప్రశ్నలు అడిగారు. నేను రిటైరయ్యాక ఒకరోజు ఫోన్ వచ్చింది. "ఫోర్‌మన్ గారూ, నేనో కారు కడుతున్నానండి. వెనక యాక్సిల్ దగ్గర ఆగిపోయాను. ఒకసారి వచ్చి చూస్తారా?"

వాళ్ళ ఊరు రావులపాలెం దాటాక, కోనసీమలో. ఇల్లు కాలువ గట్టుని ఆనుకుని ఉంటుంది. తండ్రి శర్మ గారు పౌరోహిత్యం చేస్తారు. ఇంటి పక్కన, ఒకప్పుడు కొబ్బరికాయలు పోసుకున్న రేకుల షెడ్డులో, ఆ కారు ఉంది. ఎర్రటిది, చిన్నది, రెండు సీట్లది. తలుపులు లేవు, పైకప్పు లేదు. చాప మీద కాళ్ళు చాపుకున్నట్టు కూర్చోవాలి. గొట్టాలు కొలిచి, కోయించి, కారు మొత్తాన్నీ మోసే చట్రం, అదే చాసిస్, ఆవిడే కట్టుకున్నారు. ఇంజను ఒక పాత వ్యానుది. శని, ఆదివారాల్లో ఇంటికొచ్చి ఆరేళ్ళు కష్టపడ్డారట. నేను చుట్టూ రెండుసార్లు తిరిగాను. వంక పెడదామని చూస్తే, వెనక యాక్సిల్ తప్ప ఒక్కటీ దొరకలేదు, నాకు కొంచెం అసూయ కూడా వేసింది. అది రోడ్డు మీద తిరిగే కారు కాదు, రిజిస్ట్రేషన్ ఉండదు. చెన్నై దగ్గర ట్రాక్ మీద ఇలాంటి కార్లవాళ్ళకి, ఎవరు ఎంత టైములో చుట్టు తిరిగారో చూసే టైం ట్రయల్స్ పెడతారు, అక్కడ నడపాలని ఆవిడ కోరిక.

అప్పటికి ఆ కారుకి జీపు యాక్సిల్ ఉంది. అందులో రెండు చక్రాలూ ఒకే గట్టి దూలానికి ఉంటాయి. ఒక చక్రం గతుకెక్కితే రెండోదీ అదిరిపడుతుంది. బరువైన బండికి పరవాలేదు, ఇంత తేలిక కారుకి పనికిరాదు. పక్క ఊళ్ళో మూతపడిన రైసుమిల్లు ఒకటుంది, శర్మ గారు వ్రతాలు చేయించే ఇంటివాళ్ళది. గేటు నుంచి వెనక గోడ దాకా పొడుగాటి సిమెంటు దారి, మధ్యలో తూము మీద ఒక గతుకు. నేను వెళ్ళడానికి కొన్నాళ్ళ ముందు జానకి గారు అక్కడ నడిపి చూస్తుంటే, ఆ గతుకు దగ్గర వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేచి, కారు గిర్రున తిరిగి గోడకి కొట్టింది. ఆవిడకి భుజం ఎముక విరిగింది.

శర్మ గారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు.

"ఫోర్‌మన్ గారూ, నాకున్నది ఒక్కతే పిల్లండి. వద్దంటే వినదు. ఆ ఇనుము సంగతి నాకు తెలీదు. మీరు చూసి పరవాలేదంటే నేను అడ్డురాను. మీరు వద్దంటే ఆ కారు ముక్కలు చేయించేస్తాను. దానికి అమ్మాయి కూడా ఒప్పుకుంది."

గుమ్మంలో నిలబడ్డ జానకి గారు తల ఊపారు. కాగితం లేదు, సంతకం లేదు. ఆవిడ ఆరేళ్ళ కష్టమూ, ఆయన కూతురి ప్రాణమూ నా నోటి మాట మీద పెట్టారు. ఆ క్షణంలో నాకు భయం వేయలేదు, ఛాతీ పొంగింది. అక్కడే నా తప్పు మొదలైంది.

తునిలో దొరికిన సామాను

ఇండిపెండెంట్ యాక్సిల్ అంటే దూలం ఉండదు. ఇంజను తిప్పుడుని రెండు చక్రాలకీ పంచే పళ్ళ చక్రాలుండే క్రౌన్ డబ్బా మధ్యలో చాసిస్‌కి బిగించి ఉంటుంది. దాని నుంచి రెండు పొట్టి షాఫ్టులు చెరో చక్రానికీ వెళ్తాయి. ఒక్కో చక్రాన్నీ ఇనప చేతులు పట్టుకుని ఉంటాయి, ఏ చక్రం దారిన ఆ చక్రం లేచి దిగుతుంది. మన వైపు వెనక చక్రాలతో నడిచే బళ్ళలో అలాంటిది అరుదు. తునిలో హైవే పక్కన ఒక స్క్రాపు యార్డులో, ముందు భాగం నుజ్జయిన విదేశీ కారు ఒకటి ఉందని కాసులు కబురు తెచ్చాడు. వాడూ రిటైరయ్యాడు, వాడికీ ఇంట్లో తోచడం లేదు.

స్క్రాపులో సామాను కొనేటప్పుడు మీరు నా మాట వినండి. మెరిసేది చూడకండి, చేత్తో తిప్పి చూడండి. క్రౌన్ డబ్బాలో ఆయిలు వేలితో తీసి రుద్ది చూడండి, వెండి పొడిలాంటిది తగిలితే లోపల పళ్ళు అరిగినట్టే, వదిలేయండి. మాకు దొరికిన డబ్బా శుభ్రంగా ఉంది. ఎడమ వైపు చేతులు బాగున్నాయి. కుడి వైపు చెయ్యి ఒకటి వంగింది. దాన్ని కాల్చి తిన్నగా చేద్దామని యార్డువాడు సలహా ఇచ్చాడు. వద్దని చెప్పి, అలాంటిదే మరొకటి వెతికి తెప్పించమన్నాను. అందుకు రెండు నెలలు పట్టింది. ఈ రెండు నెలల సంగతి గుర్తుంచుకోండి.

ఆ యాక్సిల్ మన కారు కంటే జానెడు వెడల్పు ఎక్కువ. షాఫ్టులు కోసి అతికితే పని ఒక్కపూటలో అయిపోతుంది. నేను ఒప్పుకోలేదు. రాజమండ్రిలో నాకు తెలిసిన, లేతు మిషను నడిపే మనిషి దగ్గర కొత్త షాఫ్టులు చేయించాం. ఏ స్టీలు వాడాలో, దాన్ని ఎంత కాల్చి ఎలా చల్లార్చాలో జానకి గారు కాగితం మీద రాసి ఇచ్చారు. లేతు మనిషి అది చదివి, "ఈవిడెవరండీ, నా గురువుగారిలా ఉన్నారు" అన్నాడు. అంతవరకు అన్నీ చక్కగా జరిగాయి.

నా కొలకర్ర

మే నెలలో ఎడమ వైపు పని మొదలుపెట్టాం. కారుని నాలుగు దిమ్మల మీద ఎత్తి కూర్చోబెట్టాం. కొబ్బరికాయల అటక కోసం లోతుగా పునాది తీసి కట్టిన పాత ఇటుక దిమ్మలవి, కదిలేవి కావు. ఇక చక్రాన్ని పట్టుకునే చేతులు చాసిస్‌కి ఏ ఎత్తులో బిగించాలన్నది అసలు పని. రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండాలి. తేడా వస్తే కారు నేరుగా వెళ్తున్నంతసేపూ తెలీదు. గతుకెక్కినప్పుడు ఒక చక్రం నిటారుగా లేస్తుంది, రెండోది లేస్తూ లేస్తూ పక్కకి చూస్తుంది. వెనక చక్రం పక్కకి చూస్తే కారు మొత్తం పక్కకి వెళ్తుంది.

నేను టేకు చెక్కతో ఒక కొలకర్ర కోసుకున్నాను. నేల మీద నిలబెట్టి, దాని కొన దగ్గర గుర్తు పెట్టి, కాసులు చేత ఆ చేతుల్ని పట్టుకునే బ్రాకెట్లు వెల్డింగు చేయించాను. రాజమండ్రిలో ఉద్యోగమంతా నేను అలాగే చేశాను. మా వర్క్‌షాపు నేల రాతి నేల.

జానకి గారు చూసి, "నేల నుంచి కొలుస్తున్నారేంటండీ? చాసిస్ నుంచే కొలవొచ్చు కదా?" అన్నారు.

"అమ్మా, మీరు బోర్డు మీద చెప్పేది వేరు, షెడ్డులో చేసేది వేరు. ఈ కర్ర తప్పు చెప్పదు" అన్నాను.

ఆవిడ ఊరుకున్నారు. పెద్దవాణ్ణని గౌరవించి ఊరుకున్నారు. మీ కంటే చిన్నవాళ్ళు ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటే, మీరు గెలిచారని అనుకోకండి.

కుడి వైపు ఇనప చెయ్యి జూలైలో వచ్చింది. అదే షెడ్డు, అవే దిమ్మలు, అదే కర్ర. కుడి వైపు కూడా అలాగే గుర్తు పెట్టి బిగించేశాం. చక్రాలు తొడిగి మిల్లుకి తీసుకెళ్ళాం. సూర్యారావు గారి నియమం నేను తప్పను, జానకి గారి పక్కన ఎక్కాను. నెమ్మదిగా రెండుసార్లు వెళ్ళొచ్చాం. మెత్తగా, హాయిగా ఉంది. శర్మ గారి దగ్గరికి వెళ్ళి, "పరవాలేదండీ, నాదీ పూచీ" అన్నాను. ఆయన చేతులు జోడించి దణ్ణం పెట్టారు. జానకి గారు ఆ వారమే ట్రాక్‌కి పేరు ఇచ్చేశారు.

అప్పన్న లారీ ట్రయల్ లాంటిదే అది కూడా అని నాకు తట్టనే లేదు.

షెడ్డు తలుపు

వేగం పెంచాక సంగతి బయటపడింది. "తూము గతుకు మీద వెనక భాగం ఎడమ వైపుకి జరుగుతోందండీ, ప్రతిసారీ ఎడమకే" అన్నారు జానకి గారు. టైర్లన్నాను. టైర్లు మార్చాం, జరుగుతూనే ఉంది. చేతుల కీళ్ళలో ఉండే రబ్బరు బుష్‌లన్నాను. కొత్తవి వేశాం, తేడా లేదు. చివరికి, "మీరు స్టీరింగు గట్టిగా పట్టుకుంటున్నారమ్మా" అని కూడా అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నా వ్యవహారం. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నా కర్ర వంక మాత్రం చూడలేదు.

ట్రాక్‌కి ఇంకా పది రోజులుంది. ఆ పొద్దున్న నేనూ కాసులూ షెడ్డులో ఉన్నాం, వాన పడి వెలిసింది. శర్మ గారు మాకు టిఫిను పట్టుకొచ్చారు. చేతిలో పళ్ళెం ఉండగా తలుపు కాలితో నెట్టారు. అది సగం తెరుచుకుని నేలకి తగిలి బిగుసుకుపోయింది. ఇంకో తన్ను తన్ని లోపలికొచ్చారు.

"అయ్యో, ఆ తలుపు కింద కొంచెం చెక్కించెయ్యకపోయారా శర్మ గారూ" అన్నాను.

"ఎందుకండీ, ఇది ఏటా ఉండేదే. కాలువకి నీళ్ళొదిలి నాలుగు వానలు పడితే నల్లమట్టి ఉబ్బుతుంది, ఈ పక్క నేల లేస్తుంది, తలుపు పట్టేస్తుంది. మళ్ళీ ఎండల్లో కాలువ కట్టేశాక మామూలే" అన్నారు.

చేతిలో ఉన్న ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. తలుపు కుడి వైపు ఉంది. కాలువ కుడి వైపు ఉంది. మే నెలలో కాలువ కట్టేసి ఉండగా ఎడమ వైపు కొలిచాను. జూలైలో కాలువ నిండుగా పారుతుండగా కుడి వైపు కొలిచాను. దిమ్మలు కదల్లేదు, కర్ర మారలేదు, వాటి మధ్య నేల లేచింది. ఈ గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, మా అత్తవారింట్లోనే ప్రతి వానాకాలం గచ్చు పగుళ్ళు చూసినవాణ్ణి, నేలని నమ్మి యాక్సిల్ బిగించాను.

తాపీ మేస్త్రీలు వాడే సన్న గొట్టం ఒకటి తెప్పించి నీళ్ళు నింపాం. నీళ్ళు అబద్ధం ఆడవు, గొట్టం రెండు కొసల్లోనూ ఒకే మట్టంలో నిలబడతాయి. ఆ మట్టం నుంచి చూస్తే కుడి వైపు బ్రాకెట్లు ఎడమ వాటికంటే, రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తుగా ఉన్నాయి.

కాసులు గొట్టం చుట్టి పక్కన పెట్టి అన్నాడు. "సందులో వాషర్లు వేసి సర్దేద్దాం గురూ. పైన రంగు కొడితే బ్రహ్మదేవుడికి కూడా తెలీదు."

"బ్రహ్మదేవుడు ఆ కార్లో కూర్చోడురా" అన్నాను.

నిజం చెప్తున్నాను, ఆ మాట అనడానికి ముందు ఒక నిమిషం నేనూ ఆలోచించాను. వాషర్లతో కొంత సర్దుకునేది. అడిగే నాథుడు లేడు. నా పేరు నిలిచేది. అయినా అప్పన్న మంచం పక్కన స్టూలు మీద ఒకసారి కూర్చున్నవాడు రెండోసారి కూర్చోలేడు.

మాట వెనక్కి

ముందు జానకి గారికి ఫోన్ చేశాను. "అమ్మా, మే నెలలో మీరు అడిగిన ప్రశ్నే సరైనది. నేను తప్పు కొలిచాను. కుడి వైపు అంతా కోసి మళ్ళీ కట్టాలి. ట్రాక్‌కి అందుతుందో లేదో చెప్పలేను."

"నాకు అనుమానం వచ్చిందండీ, అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. సెలవు పెట్టి వస్తున్నాను" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు, తప్పులో సగం తన మీద వేసుకున్నారు. నాకు సూర్యారావు గారి తిట్టని ముఖం కళ్ళముందు కదిలింది.

తర్వాత అరుగు మీదికి వెళ్ళాను. శర్మ గారు పంచాంగం చూసుకుంటున్నారు.

"శర్మ గారూ, ఆరోజు పరవాలేదని మీకు మాటిచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కారు సరిగ్గా లేదు. తప్పు అమ్మాయిది కాదు, నాది."

నిలబడే చెప్పాను. ఆయన పంచాంగం మూసి పక్కన పెట్టి నా ముఖంలోకి చూశారు. అప్పుడే కారు కోయించేయమంటే కోయాల్సిందే. ఆరేళ్ళ కష్టం నా కర్ర వల్ల ముక్కలైపోతుంది.

"సరిచెయ్యగలరా?" అన్నారు.

"చెయ్యగలనండి."

"అయితే చెయ్యండి. ముహూర్తం తప్పు పెట్టానని తెలిసి నేను కూడా పెళ్ళివారింటికి వెళ్ళి చెప్పాను ఒకసారి. శుభలేఖలు పంచేశాక. ఎలా ఉంటుందో నాకు తెలుసు" అన్నారు.

అయిదు రోజులు పని చేశాం. నా చేత్తో గుర్తు పెట్టి, కాసులు చేత్తో అందంగా వెల్డింగు చేసిన బ్రాకెట్లని గ్రైండరుతో నేనే కోశాను. కాసులు ముఖం తిప్పుకున్నాడు. ఈసారి నేల ఊసే లేదు. చాసిస్ నడుమన ముందు నుంచి వెనక దాకా ఒక నూలుదారం కట్టి, నీళ్ళ గొట్టంతో మట్టం తీసి, ప్రతి కొలతా దారం నుంచీ మట్టం నుంచీ తీశాం. జానకి గారు ఒకసారి కొలిచి రాసుకునేవారు, నేను విడిగా కొలిచి రాసుకునేవాణ్ణి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కలిస్తేనే కాసులు వెల్డింగు ముట్టించేవాడు. మొదటి రోజు రెండుసార్లు కలవలేదు. రెండుసార్లూ తప్పు నాదే. నాకు నామోషీ అనిపించలేదు, ఆ వయసులో అది కొత్తగా ఉంది. అయిదో రోజు సాయంత్రానికి రెండు చక్రాలూ చేత్తో ఎత్తి దించి చూస్తే, రెండూ ఒకేలా లేచి ఒకేలా దిగాయి. నా జీవితంలో నేను చేసిన పనులన్నిట్లో చూపించుకోదగ్గది అది.

ట్రాక్ మీద ఆవిడ ఎంత టైములో చుట్టు తిరిగారన్నది ఆవిడ సంగతి, కావాలంటే ఆవిడనే అడగండి, సంతోషంగా చెప్తారు. నేను చెప్పుకోవలసింది అంతకు ముందు రోజుల్లో మిల్లు దగ్గర జరిగినది.

మిల్లు దారి

పొద్దున్నే వెళ్ళాం. సీట్ల మధ్య, నా కాళ్ళ దగ్గర ఇసుక బస్తాలు వేయించాను, ఖాళీ బండి ట్రయల్ ట్రయల్ కాదని ఇప్పటికైనా తెలిసింది కనక. జానకి గారు నడిపారు, నేను పక్కన. మొదట నెమ్మదిగా, తర్వాత కొంచెం గట్టిగా, తర్వాత నా నెత్తి మీద ఉన్న నాలుగు వెంట్రుకలూ లేచేంత గట్టిగా. తూము గతుకు వచ్చింది. కింద ఏదో దడ్‌మంది, అంతే. కారు గీత గీసినట్టు నేరుగా వెళ్ళింది. ఎడమకి రాలేదు, కుడికి రాలేదు. తిరిగి వచ్చి మరో నాలుగుసార్లు వెళ్ళాం. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. గాలికి అన్నారు. నాకూ ఆ గాలే తగిలింది.

నేను దిగి శర్మ గారి దగ్గరికి వెళ్ళి, "ఇప్పుడు చెప్తున్నానండి..." అని మొదలుపెట్టబోయాను. ఆయన వినిపించుకోలేదు. కండువా తీసి కాసులు చేతిలో పెట్టారు. పంచె పైకి ఎగ్గట్టారు. తలుపు లేని కారు కదా, ఒక కాలు లోపల పెట్టి, నా భుజం పట్టుకుని రెండో కాలు లాక్కున్నారు.

"నాన్నా, మీరెందుకు?" అన్నారు జానకి గారు.

"పోనీవే" అన్నారు ఆయన.

బెల్టు నేనే కట్టాను. అంతకు ముందు అయిదుసార్లు నేను కూర్చుని చూసిన కారే, కొలతలన్నీ రెండు కాగితాల మీద కలిసినవే. అయినా వాళ్ళిద్దరూ గేటు దాకా వెళ్ళి అక్కడి నుంచి బయల్దేరుతుంటే కాసులు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కారు వెళ్ళింది, తూము దగ్గర కొంచెం నెమ్మదించింది, గతుకు దాటింది, వెనక గోడ దగ్గర తిరిగి వచ్చింది. మా ముందు ఆగింది. శర్మ గారి పిలక నిటారుగా నిలబడి ఉంది. నేను బెల్టు విప్పడానికి వంగాను. ఆయన నా చెయ్యి పక్కకి తోశారు.

"ఏమ్మా, ఆ గతుకు దగ్గర యాక్సిలరేటరు మీంచి కాలెందుకు తీశావు?" అని కూతుర్ని అడిగారు.

"మీరున్నారని, నాన్నా."

"ఫోర్‌మన్ గారు అంత కష్టపడి బిగించింది నువ్వు కాలు తియ్యడానికా? పద, మళ్ళీ వెళ్దాం."

జానకి గారు నా వంక చూశారు. నేను తల ఊపాను. కారు గేటు దాకా వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి వచ్చింది. ఇంజను గొంతు పెరుగుతూ, పెరుగుతూ తూము దాకా వచ్చింది. ఈసారి ఆవిడ కాలు తియ్యలేదు.